సింకు పైన అయిదు రోజులు

ఒక మనిషి మీద కసి తీర్చుకోవడానికి, ఆ మనిషి రాసిన మాటనే అక్షరం పొల్లుపోకుండా పాటిస్తే, దాన్ని ద్రోహమనాలా, విధేయత అనాలా? ఇరవై ఏళ్లుగా ఈ ప్రశ్న నాతోనే ఉంది. పుస్తకాల మధ్యే బతికినదాన్ని. ఎన్ని తిరగేసినా నాకు నమ్మకం కుదిరే జవాబు దొరకలేదు. ఆ పని చేసిన మనిషిని అడిగి ఉంటే చెప్పేదేమో. అడిగే వీలు ఆమె నాకు ఇవ్వలేదు.

నేను ఒక పరిశోధనాలయంలో లైబ్రరీ చూసుకునేదాన్ని. నా గదికి ఎదురుగా, వరండాకు అవతల, రసాయన ప్రయోగశాల ఉండేది. అందులో సీసాలు కడిగే ఆవిడను అందరూ నురగక్క అనేవాళ్లు. మోచేతుల దాకా సబ్బు నురగ లేకుండా ఆమెను చూసినవాళ్లు తక్కువ. పొట్టి మనిషి. సింకు ముందు చెక్కపీట వేసుకుని, దాని మీదెక్కి కడిగేది. పీట మీద ఉన్నంతసేపూ ఎవరితోనైనా కళ్లలోకి చూసి మాట్లాడేది. దిగిందంటే మాట తగ్గిపోయేది.

కడిగిన సీసాను కిటికీ వెలుగుకు ఎత్తి చూసేది. లోపల నీళ్లు పలచటి పొరలా జారితే పక్కన పెట్టేది. చుక్కలు చుక్కలుగా నిలిస్తే మళ్లీ కడిగేది.

"నీళ్లు గాజుని హత్తుకోవాలి మేడం. ఎడంగా నిలబడ్డాయంటే మధ్యలో ఇంకా జిడ్డుందన్నమాట. అచ్చం అత్తాకోడళ్లే" అనేది.

మధ్యాహ్నం టీ గ్లాసు పట్టుకుని నా దగ్గరికి వచ్చేది. "మీవి దుమ్ము, నావి జిడ్డు. ఇద్దరిదీ తుడిచే ఉద్యోగమే. కాకపోతే మీకు కుర్చీ ఇచ్చారు" అని కూర్చునేది. ఆ కుర్చీలోనే తన చెల్లెలి సంగతి చెప్పింది.

చెల్లెలు ఊరి చివర పరిమళాల ఫ్యాక్టరీలో పనిచేసింది. సబ్బుల్లోనూ తలనూనెల్లోనూ కలిపే సువాసన నూనె అక్కడ తయారవుతుంది. ఆ పనికి ఒక ద్రావకం వాడతారు. పెట్రోలు వాసన, పైగా కొంచెం తియ్యదనం. ఆ ద్రావకం ఖాళీ అయిన డ్రమ్ములను ఒక షెడ్డులో ఆరుగురు ఆడవాళ్లు చేతులతో తుడుస్తారు. చెల్లెలు తొమ్మిదేళ్లు తుడిచింది. ముందు పాదాలు మొద్దుబారాయి. తర్వాత వేళ్లు. డాక్టరు పేరు చెప్పలేని రోగం కాదు, చెప్పాడు. మందు మాత్రం లేదన్నాడు. అప్పటి నుంచి ప్రతి ఉదయం నురగక్క చెల్లెలికి గుండీలు పెట్టి, తల దువ్వి, అప్పుడు పనికి వచ్చేది.

"సూది గుచ్చినా తెలీదు దానికి. నేను పక్కన లేనప్పుడు గుచ్చుకుని చూసుకుంటుందట, తిరిగొచ్చిందేమోనని" అంది ఒకసారి. టీ సగంలోనే వదిలి సింకు దగ్గరికి వెళ్లిపోయింది.

ప్రయోగశాలకు అధిపతిని పెద్దసారు అనేవాళ్లం. చెడ్డవాడు కాదు. మంచి మాటకారి. ఎదుటివాళ్లు నవ్వేదాకా మాట ఆపలేని మనిషి. ఆయన తలకెత్తుకున్న పని ఆ ద్రావకాన్ని వదిలించుకోవడమే. విషయం నాకు అర్థమయ్యేలా చెప్పింది ఆయన కాదు, నురగక్క.

"నూనె, నీళ్లు కలవవు కదా మేడం. కావలసిన మందు నీళ్లల్లో ఉంటుంది, మారాల్సిన సరుకు నూనెలో ఉంటుంది. రెండూ కలిసేది మధ్య గీత దగ్గరే. అందుకని ఫ్యాక్టరీవాళ్లు రెంటినీ కరిగించే ద్రావకం పోసి కలుపుతారు. మా సారేమో ఒక పొడి చేయించాడు. కంటికి పిండిలా ఉంటుంది. ఒక్కో రేణువు మన వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదట. పని నడిపించే లోహం దాని ఒంటికి రవ్వంత అంటించి ఉంటుంది. అది గడప మీద కూర్చునే రకం. ఒక కాలు నూనెలో, ఒక కాలు నీళ్లల్లో. సీసా గిలకొడితే నూనె లక్ష చుక్కలవుతుంది, ప్రతి చుక్క చుట్టూ ఈ పొడి కాపలా కూర్చుంటుంది. అన్ని చుక్కలకీ అన్ని గడపలు. గడప మీదే పని జరిగిపోతుంది. అయ్యాక వడగడితే పొడి మళ్లీ మన చేతికొస్తుంది. ద్రావకం చుక్క అక్కర్లేదు."

"మరి అవుతోందా?"

"ఎక్కడ! రెండేళ్లయింది. గడప మీద కూర్చోమంటే నూనెలోకి పోయి పడుకుంటోంది."

ఆ పొడి సీసాలను డెసికేటర్‌లో పెట్టేవాళ్లు. అడుగున తేమ పీల్చే నీలం గుళికలు పోసి, పైన బరువైన మూత బిగించిన గాజు జాడీ అది. పొడి అన్నది ఎంత ఎండితే అంత మంచిదని ఆ చదువు చదివిన ప్రతివాళ్లకూ చిన్నప్పుడే చెబుతారట. అక్కడెవరూ ఆ మాటను ప్రశ్నించలేదు.

ఒక పొడి సీసాకు మూత పగిలింది. పారేయమన్నారు. నురగక్క పారేయకుండా సింకు పైన గట్టు మీద పెట్టింది. వేడినీళ్ల ఆవిరి రోజంతా తగిలే చోటు. కడిగిన సీసాల బిరడాలు కారుతున్నాయో లేదో చూడటానికి నూనె, నీళ్లు పోసి గిలకొట్టడం ఆమెకు అలవాటు. ఒకరోజు అందులో ఆ పారేయమన్న పొడి చిటికెడు వేసింది. సీసా పాలలా తెల్లబడింది. మర్నాడు వచ్చి చూసినా తెల్లగానే ఉంది.

ఎవరికీ చెప్పకుండా రెండు నెలలు చూసింది. గట్టు మీద రెండు రోజులు పెడితే చాలదు. పది రోజులు పెడితే పొడి నీళ్లల్లోకి దిగిపోతుంది. అయిదు రోజులు సరిగ్గా సరిపోతాయి. ఇన్నాళ్లూ పొడి మరీ ఎండిపోయి నీళ్లను దగ్గరికి రానివ్వలేదని, కాస్త తేమ తగిలితే గడప మీద కుదురుకుంటుందని ఆమె తనంతట తానే తేల్చుకుంది.

పెద్దసారుకు చూపించింది. ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని చూశాడు.

"చెయ్యి మంచిదమ్మా నీది" అన్నాడు.

"చెయ్యి కాదు సార్. సింకు పైన అయిదు రోజులు పెట్టాను."

"పొడికి తపస్సు నేర్పావా?" అని నవ్వాడు. అందరూ నవ్వారు. ఆ మాటను ఆయన అక్కడే వదిలేశాడు.

ఆ తర్వాత ఏడాది పాటు ప్రయోగాలన్నీ పండాయి. ఎందుకు పండాయో సింకు దగ్గర పీట మీద నిలబడ్డ మనిషికి, లైబ్రరీలో కూర్చున్న నాకు మాత్రమే తెలుసు. ఆమె ప్రతి కొత్త సీసానూ అయిదు రోజులు మూత వదులు చేసి గట్టు మీద ఉంచి, ప్రయోగం రోజు పొద్దున్నే తీసుకెళ్లి డెసికేటర్‌లో పెట్టేది. వాళ్లు అందులోంచి తీసుకునేవాళ్లు. పొడి ఎక్కడ ఉండి వచ్చిందని ఎవరూ అడగలేదు.

వ్యాసం రాసే రోజు వచ్చింది. ప్రయోగశాలలో బల్ల చుట్టూ ఏడెనిమిది మంది. పత్రికలు ఇవ్వడానికి వెళ్లి నేనూ తలుపు దగ్గర నిలబడ్డాను. నురగక్క పీట దిగి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"సార్, సింకు సంగతి కూడా రాయండి. లేకపోతే ఇంకెక్కడా ఎవరికీ రాదు. ఫ్యాక్టరీలో అసలే రాదు."

"సింకు అని రాస్తే లోకమంతా నవ్వుతుందమ్మా. అయినా సీసాలు కడిగినవాళ్ల పేర్లు పెట్టుకుంటూ పోతే రేపు చీపురు కూడా వచ్చి నా పేరేదీ అంటుంది."

"నా పేరు అడగలేదు సార్. సింకు పేరు అడిగాను."

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. ప్రయోగాలు చేసే చిన్నమేడం కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నురగక్క కళ్లు పైకెత్తి ఒక్కొక్కళ్ల ముఖం వరసగా చూసింది. ఎవరెవరు నవ్వారో గుర్తు పెట్టుకుంటోందని నాకు అనిపించింది. వెళ్లి పీటెక్కి, కుళాయి తిప్పింది.

వ్యాసం అచ్చయి వచ్చిన రోజు టీ గ్లాసు లేకుండా వచ్చింది. అది ఇంగ్లీషులో ఉంది, ఆ భాష ఆమెకు రాదు. "పొడి గురించి ఏం రాశాడో అది మాత్రం చదివి చెప్పండి" అంది.

చెప్పాను. పొడిని బాగా ఆరబెట్టి, తేమ తగలకుండా డెసికేటర్‌లో భద్రపరచాలి.

"ఆరబెట్టమన్నాడా?"

"అవును."

"తేమ తగలకూడదన్నాడా?"

"అదే రాశారు. అన్ని వ్యాసాల్లోనూ అలాగే రాస్తారు. అలవాటు కొద్దీ రాసి ఉంటారు."

"ఇంకోసారి చదవండి."

మూడుసార్లు చదివించుకుంది. మూడోసారికి పెదవులు కదుపుతూ వల్లె వేసుకుంది. తర్వాత నవ్వింది. ఆమె నవ్వు నేను చాలాసార్లు చూశాను, అలాంటిది అంతకుముందు చూడలేదు.

"సరే అయితే. అంత చదువుకున్నాయన రాస్తే కాదనడానికి మనమెవరం?"

ఆ సాయంత్రం సింకు పైన గట్టును సబ్బుతో తోమింది. తుడిచి ఆరబెట్టింది. అయిదు రోజుల తేమ పట్టిన పొడి కొంచెం మిగిలి ఉంటే దాన్ని పెనం మీద పెట్టినట్టు ప్రయోగశాల ఓవెన్‌లో పెట్టి పూర్తిగా ఎండబెట్టి డెసికేటర్‌లోకి చేర్చింది. అంతా పుస్తకంలో ఉన్నట్టే. నేను ఒక్క మాట అనలేదు. అనాలని కూడా అనిపించలేదు. ఆ బల్ల చుట్టూ వినబడిన నవ్వు నా చెవుల్లోనూ ఉంది.

నెల తిరక్కుండానే ఫ్యాక్టరీ పెద్దలు నలుగురు ప్రయోగం చూడటానికి వచ్చారు. చెల్లెలు పనిచేసిన ఫ్యాక్టరీయే. పని జరిగితే ద్రావకం మానేస్తామన్నారు. పెద్దసారుకు పరిశోధనాలయం మొత్తానికి అధిపతి పదవి రాబోతోందని వరండాలో చెప్పుకుంటున్నారు. చిన్నమేడం సీసా గిలకొట్టింది. క్షణం తెల్లబడి, అర నిమిషంలో నూనె నూనెగా, నీళ్లు నీళ్లుగా విడిపోయాయి. పొడి ముద్దలు కట్టి నూనెలో వేలాడింది. మళ్లీ చేశారు. మూడోసారి పెద్దసారే స్వయంగా చేశాడు.

"ఏదీ, నువ్వు గిలకొట్టమ్మా. నీ చెయ్యి మంచిది" అన్నాడు చివరికి.

నురగక్క వచ్చి, రెండు చేతులా పట్టుకుని, ఎప్పటిలాగే గిలకొట్టింది. బల్ల మీద నిలబెట్టింది. అందరి కళ్ల ముందూ విడిపోయింది.

"ఎక్కడ తప్పింది?" అన్నాడు ఆయన.

"తప్పేం లేదు సార్. మీరు రాసిందే చేశాను. బాగా ఆరబెట్టి, తేమ తగలకుండా."

ఫ్యాక్టరీ పెద్దమనిషి లేచి, "కాగితం మీద బాగుందండీ" అని చేతులు జోడించి వెళ్లిపోయాడు.

ఆమె నా గదికొచ్చి, తలుపు మూసి, కడుపు పట్టుకుని నవ్వింది. "ముఖం చూడాలి మేడం! నేను కడగని సీసాలా అయిపోయింది." నేనూ నవ్వాను. ఆ మాట దాచి లాభం లేదు.

నవ్వు నాలుగు రోజులు నిలిచింది. తర్వాత నెలలు మొదలయ్యాయి. పెద్దసారు పొడి పంపినవాళ్లను తిట్టాడు, నీళ్లు మార్చాడు, తూకం యంత్రం మార్చాడు, చిన్నమేడాన్ని ఏడిపించాడు. తను నవ్వేసిన సింకు మాట మాత్రం ఆయనకు గుర్తు రాలేదు. ఆమె సింకు దగ్గర నిలబడి అన్నీ వింటూ ఉండేది. పగటి పూట పనిలో కూనిరాగం తీయడం కూడా మొదలుపెట్టింది. పదవి ఇంకొకరికి పోయిన రోజు నాకు బిస్కెట్లు తెచ్చిపెట్టింది.

ఒక సెలవు రోజు వాళ్లింటికి వెళ్లాను. రెండు గదులు. చెల్లెలు గ్లాసును మణికట్ల మధ్య పట్టుకుని నాకు మంచినీళ్లు ఇచ్చింది.

"మీరైనా చెప్పండి మేడం అక్కకి. షెడ్డులో ఇంకా ఆ డ్రమ్ములే."

"అడగాల్సింది ఆయన. అడగమను" అంది నురగక్క.

"ఆయన అడిగేదాకా వాళ్ల వేళ్లు ఆగుతాయా?"

"నీ వేళ్ల మీద నవ్వాడే ఆయన!"

"నా వేళ్ల మీద ఎవరూ నవ్వలేదక్కా. సింకు మీద నవ్వారు."

"నాకు రెండూ ఒకటే."

నేను గ్లాసు కింద పెట్టి, వేరే మాట ఎత్తాను. అప్పుడు ఇంకో నాలుగు మాటలు మాట్లాడి ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఎనిమిదో నెలలో ఒక పొద్దున పెద్దసారు సింకు దగ్గరికి వచ్చాడు. ఆమె పీట మీద ఉంది కాబట్టి ఇద్దరి కళ్లూ ఒక ఎత్తులో ఉన్నాయి.

"అప్పుడు ఏం చేసేదానివమ్మా?"

ఆమె కుళాయి కట్టేసింది. ఆ ప్రశ్న కోసమే అన్నాళ్లు కడిగిన మనిషిలా, తొందర లేకుండా చేతులు తుడుచుకుంది.

"చెప్తాను సార్. ఇక్కడ కాదు. ఫ్యాక్టరీ షెడ్డులో, డ్రమ్ములు తుడిచే వాళ్ల ముందు. ముందు లైబ్రరీ మేడం మీరు రాసింది చదవాలి. మీరది కొట్టేసి, నేను చెప్తుంటే మీ చేత్తో రాయాలి."

ఆయన ముఖంలో రంగు పోయింది. అయినా తల ఊపాడు. ఉద్యోగంలో ఆయనకు మిగిలింది కొన్ని నెలలే.

షెడ్డులో గట్టు ఉన్న పెద్ద వేడినీళ్ల తొట్టి ఒకటి ఉంది. నురగక్క అయిదు రోజుల ముందే వెళ్లి, ఆ గట్టు మీద పొడి సీసా పెట్టి వచ్చింది. ఆరో రోజు అందరం వెళ్లాం. ఫ్యాక్టరీ పెద్దమనిషి, చిన్నమేడం, పెద్దసారు, నేను. ఆడవాళ్లు చేతులు తుడుచుకుంటూ చుట్టూ చేరారు. లోపల ఆ తియ్యటి పెట్రోలు వాసనకు నా కళ్లు మండాయి. పెద్దసారుకు ఒక ఎత్తు తక్కువ స్టూలు వేయించింది. తను మాత్రం నిలబడింది.

నేను ఆ వాక్యం చదివాను. ఆయన కొట్టేశాడు.

"రాయండి సార్. తొట్టి పైన గట్టు."

రాశాడు.

"మూత వదులు. అయిదు రోజులు. నాలుగు కాదు, ఆరు కాదు."

రాశాడు.

"తపస్సు అని కూడా రాస్తారా?"

ఆడవాళ్లకు అర్థం కాకపోయినా నవ్వారు. ఈసారి ఆయన నవ్వలేదు. చిన్నమేడం నేల వైపు చూసింది. నురగక్క సీసాలో నూనె, నీళ్లు పోసి, పొడి వేసి గిలకొట్టి బల్ల మీద పెట్టింది. తెల్లగా నిలిచింది. పావుగంట, అరగంట చూశాం. అలాగే ఉంది. ఫ్యాక్టరీ పెద్దమనిషి వంగి, సీసాను వేలితో తట్టి చూశాడు. "వచ్చే నెల నుంచి ఇక్కడే మొదలుపెడదాం" అన్నాడు.

"ఇంకోటి ఉంది" అంది నురగక్క. "ఇదంతా నా చేతి మహిమ అని మళ్లీ అంటారు. అందుకని ఇంకొకళ్లు గిలకొట్టాలి." చుట్టూ చూసి, "చెల్లి జాగాలో ఎవరు చేస్తున్నారు?" అని అడిగింది.

పాటలు పాడుతూ పనిచేస్తుందని పాటలమ్మ అని పిలిచే ముప్పై ఏళ్ల మనిషిని ముందుకు తోశారు. నురగక్క రెండో సీసా సిద్ధం చేసి ఆమె చేతికిచ్చింది. పాటలమ్మ పట్టుకుంది. పట్టుకున్నాననే అనుకుంది. సీసా వేళ్ల మధ్య నుంచి జారి నేల మీద పగిలింది. ఆమె ఇంకా అరచేతులు అలాగే పెట్టుకుని ఉంది. చప్పుడు విన్నాకే కిందికి చూసింది.

"ఎప్పటి నుంచి?" అంది నురగక్క.

"నాలుగు నెలలైందక్కా. ముందు కాలి చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదు. తర్వాత ఇవి." సిగ్గుపడుతూ చేతులు వెనక్కి పెట్టుకుంది. "సీసా మీదేనా? కోప్పడకండి."

నాలుగు నెలలు. మిగిలిన పొడిని ఆమె ఎండబెట్టకుండా ఉంటే, అంతకు నాలుగు నెలల ముందే, ఆ ప్రయోగశాలలో, పని జరిగి ఉండేది. ఈ లెక్క ఆ షెడ్డులో ఇద్దరికే తెలుసు. నురగక్క నా వైపు చూస్తుందేమోనని భయపడ్డాను. చూడలేదు.

పెద్దసారు స్టూలు మీద నుంచి లేచాడు. "అమ్మా, ఆ రోజు నేను నవ్వకుండా ఉండాల్సింది. తప్పు నాదే. ఇంతమంది ముందు చెప్తున్నాను, తప్పు నాదే" అన్నాడు.

ఆ మాట కోసం ఆమె ఎనిమిది నెలలు ఎదురుచూసింది. ఇప్పుడది ఆమె చెవిన పడినట్టే లేదు. నేల మీద కూర్చుని గాజు ముక్కలు ఏరుతోంది. పాటలమ్మ వంగబోతే, "నువ్వు ముట్టుకోకు, తెగినా నీకు తెలీదు" అని చేత్తో ఆపింది. పెద్ద ముక్కలు, చిన్న ముక్కలు, కంటికి ఆనని రవ్వలు కూడా తడిగుడ్డతో అద్ది ఒక డబ్బాలోకి ఎత్తింది. నేల మీద పడిన తెల్లటి ద్రవాన్ని తుడిచింది. డబ్బా పట్టుకుని లేచింది.

"ఇంకేమైనా రాయాలా అమ్మా?" అని అడిగాడు పెద్దసారు, కలం పట్టుకుని.

పారబోసి వస్తుందనుకుని అందరం ఆగాం. నేను కిటికీ దగ్గరికి వెళ్లాను. ఆమె చెత్తకుండీ దగ్గర డబ్బా వంచి, అడుగు రెండుసార్లు తట్టి, దాన్ని అక్కడే బోర్లించింది. చేతులు దులుపుకోలేదు. గేటు దగ్గర కాపలా మనిషి ఏదో అడిగితే తల తిప్పకుండా దాటి, రోడ్డు మీదికి వెళ్లిపోయింది.